మనస్ఫూర్తిగా రాయలేని ఎల్ఓఆర్: ఒప్పుకోవడం మేలా, కుదరదనడం మేలా?

దసరా సెలవులు అయ్యాయంటే ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్ ముందు పిల్లలు తచ్చాడుతుంటారు. అమెరికాలో ఎంఎస్‌కి చాలా యూనివర్సిటీలు రెండో మూడో సిఫార్సు లేఖలు (ఎల్ఓఆర్‌లు) అడుగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ అడ్మిషన్ల గడువులు డిసెంబరు నుంచే మొదలు. కరోనా తర్వాత జీఆర్ఈ ప్రవేశ పరీక్ష స్కోరు అడగని చోట్లు పెరగడంతో లేఖల బరువూ పెరిగింది.

బాగా చదివే అమ్మాయికి రాయడం ఇబ్బందే కాదు. చిక్కంతా ఆ మధ్యరకం అబ్బాయితోనే. హాజరు 75 శాతానికి చేరక కండోనేషన్ ఫీజు కట్టాడు, తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగ్‌లు, రెండున్నాయి, కానీ మనిషి మంచివాడు. "సార్, మీరే రాయాలి" అంటాడు. పైగా వాళ్ల నాన్నగారు మనకు తెలిసినవారు.

అన్నిటికంటే సులువు, కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన డ్రాఫ్ట్ మీద సంతకం పెట్టేయడం. అందులో ప్రతి విద్యార్థీ కష్టజీవే, పుట్టు నాయకుడే. ఒకే కాలేజీ నుంచి ఏటా ఇలాంటివే వస్తుంటే చదివేవాళ్లకు అర్థం కాదా? వచ్చే ఏడు నిజంగా గొప్ప విద్యార్థికి రాసినా మన మాట చెల్లదు. కొందరు లేఖ పెట్టమని యూనివర్సిటీ నుంచి మెయిల్‌కి వచ్చిన లింకు కూడా విద్యార్థికే ఇచ్చి "నువ్వే నింపుకో" అంటారు. దాన్ని సిఫార్సు అనలేం.

రెండోది చప్పటి లేఖ. "ఫలానా సంవత్సరాల్లో ఇక్కడ చదివాడు, ప్రవర్తన సంతృప్తికరం." మన స్టడీ సర్టిఫికెట్లో ఆ మాట అందరికీ రాస్తాం, ఎవరూ పట్టించుకోరు. అక్కడ మాత్రం లేఖలన్నీ పొగడ్తతో ఉంటాయి కాబట్టి చప్పగా రాస్తే వద్దన్నట్టే లెక్క. పైగా విద్యార్థుల రికార్డుల గురించిన 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా ఇచ్చిన, యూనివర్సిటీలో చేరాక లేఖ చూసుకునే హక్కును చాలామంది అప్లికేషన్‌లోనే వదులుకుంటారు. మనల్ని నమ్మి అన్ని చోట్లా ఫీజులు కడతాడు, ఎక్కడ దెబ్బ తగిలిందో అతనికి ఎప్పటికీ తెలియదు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే అన్యాయం. పొగిడి అబద్ధం రాసినవాడు కనీసం ఆ పిల్లాడి మేలైనా కోరాడు.

కుదరదని చెప్పడం దీనికంటే ఎంతో నయం, అయితే అక్టోబరులోనే చెప్పాలి. "నీ గురించి గట్టిగా రాసేంత నేను చూడలేదు, ప్రాజెక్ట్ గైడ్‌ని అడుగు బాబూ" అంటే ఆ పూట నొచ్చుకుంటాడు, ఇంకొకరిని వెతుక్కుంటాడు. గడువుకు వారం ముందు చెబితే మాత్రం వాణ్ణి నడిరోడ్డు మీద వదిలినట్టే.

మరి ఆ ప్రాజెక్ట్ గైడ్ మనమే అయితే? అప్పుడు చూసినంత వరకే రాయడం మేలు. మార్కులు, బ్యాక్‌లాగ్‌లు ఎలాగూ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తాయి, మళ్లీ ఎత్తక్కర్లేదు. ప్రాజెక్టులో కోడింగ్ ఎవరు చేశారు, డెమో ముందు రోజు ప్రోగ్రామ్ ఆగిపోతే కూర్చుని తప్పు పట్టుకున్నదెవరు, ఇవి రాయాలి. "క్రమం తప్పక క్లాసుకు వస్తాడు" అని మాత్రం రాయకూడదు. యూనివర్సిటీ ఫారంలో ఇతను తోటివాళ్లలో పై 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా అని అడిగితే నిజమైన గడిలోనే టిక్ పెట్టాలి. రాసేముందు అతనితో అనేయాలి: "ప్రాజెక్టు గురించి బాగా రాస్తాను, క్రమశిక్షణ గురించి ఏమీ రాయను, ర్యాంకు గడి మధ్యలో ఉంటుంది. సరేనా?" వద్దంటే అది అతని ఇష్టం.

ఈ పద్ధతి పనికిరాని చోటు ఒకటుంది. ప్రాజెక్టే కాపీ అని, లేదా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ దొంగదని మనకు తెలిసినప్పుడు మంచి ముక్కలు మాత్రం ఏరి రాయడం మోసమే. అక్కడ కుదరదనే చెప్పాలి, నాన్నగారు ఫోన్ చేసినా సరే. కారణం మాత్రం ఆ అబ్బాయికే, గదిలో ఎవరూ లేనప్పుడు చెప్పాలి.