గీతా, ఓటా, నిషేధమా? అంతర్యుద్ధానికి ముందు అమెరికా చేతిలో ఉన్న దారుల్లో ఏది మేలు?

1860 అమెరికా జనాభా లెక్కల్లో ఒక చిత్రమైన అంకె కనిపిస్తుంది. అప్పటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. కానీ ఏ నేల కోసం ఉత్తరాది, దక్షిణాది ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయో, అక్కడ లెక్కకు వచ్చినవాళ్ళు కాన్సస్‌లో ఇద్దరు, నెబ్రాస్కాలో 15 మంది, యూటాలో 29 మంది. మూడూ కలిపితే 46. ఒక పెళ్ళి బస్సులో పట్టేంత మంది.

మరి అంత కొట్లాట దేనికి? అక్కడ రేపు పుట్టబోయే రాష్ట్రాల కోసం. జనాభా ఉత్తరాదిలో వేగంగా పెరగడంతో ప్రతినిధుల సభ దక్షిణాది చెయ్యి ఎప్పుడో దాటిపోయింది. సెనేట్‌లో మాత్రం పెద్ద రాష్ట్రానికైనా చిన్న రాష్ట్రానికైనా ఇద్దరే సభ్యులు. 1850 మొదట్లో బానిస రాష్ట్రాలు 15, స్వేచ్ఛా రాష్ట్రాలు 15. తర్వాత వచ్చే రాష్ట్రం ఎటు చేరితే త్రాసు అటు మొగ్గుతుంది. దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. వర్జీనియా లాంటి పాత రాష్ట్రాల్లో సాగు గిట్టుబాటు తగ్గాక, అక్కడి యజమానులు మనుషులనే కింది పత్తి రాష్ట్రాలకు అమ్మి సొమ్ము చేసుకునేవారు. పత్తికి కొత్త పొలాలు దొరికినంత కాలమే ఆ అమ్మకానికి మంచి ధర.

కొత్త నేల మూడు పెద్ద విడతల్లో వచ్చింది. 1803లో ఫ్రాన్స్ నుంచి లూయీసియానా, 1845లో టెక్సస్, 1848లో యుద్ధంలో ఓడిన మెక్సికో నుంచి కాలిఫోర్నియా, న్యూ మెక్సికో ప్రాంతాలు. ఇవాళ మనవాళ్ళు వేలాదిగా ఇళ్ళు కొనుక్కుంటున్న డల్లాస్ చుట్టుపక్కల నేల 1836 దాకా మెక్సికోది. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. అక్కడికి వలస వెళ్ళిన అమెరికన్లు జీవితకాలపు కూలి ఒప్పందం పేరుతో కాగితాలు రాయించి, బానిసలను బానిసలుగానే ఉంచుకున్నారు.

వచ్చిన నేలను ఏం చేయాలన్నదానికి వాషింగ్టన్‌లో నాలుగు మందులు తిరిగాయి. గీత గీసి పంచుకోవడం. పూర్తిగా నిషేధించడం. అక్కడి జనం ఓటుకు వదిలేయడం. బానిస కూడా ఆస్తే కాబట్టి ఎక్కడికైనా తీసుకుపోవచ్చనడం. వీటిని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు నా కొలత ఒకటే: రేపు మళ్ళీ కొత్త నేల వస్తే ఆ మందు ఏం చేస్తుంది? ఎందుకంటే ఆ రోజుల్లో అమెరికా నేలకు ఆకలిగొన్న దేశం.

ముందుగా గీత సంగతి. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, మిగిలిన లూయీసియానా నేలలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ అప్పటికి ముసలివాడు. ఈ వార్త తనను అర్ధరాత్రి మోగిన అగ్ని ప్రమాద గంటలా లేపిందని ఒక ఉత్తరంలో రాశాడు. అయినా గీతకు దక్కాల్సిన మెప్పు దక్కాలి. అది ముప్పై ఏళ్ళకు పైగా నిలబడింది. మిగతా మూడింటిలో ఏదీ అంతకాలం శాంతిని కాపాడలేదు. ఉమ్మడి ఆస్తిని అన్నదమ్ములు పంచుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరికైనా చప్పున అర్థమవుతుంది కూడా.

దాని లోపం పంపకంలోనే ఉంది. గీతకు పైన లూయీసియానా నేల బోలెడు. కింద మిగిలింది ఆర్కన్సా, ఇప్పటి ఓక్లహోమా. తన వాటా అయిపోయినవాడు ఏం చేస్తాడు? గీతకు దక్షిణాన ఇంకేం దొరుకుతుందా అని చూస్తాడు. 1848లో అధ్యక్షుడు పోల్క్ క్యూబాను కొనడానికి స్పెయిన్‌కు 10 కోట్ల డాలర్ల దాకా ఇవ్వజూపాడు. 1850ల మధ్యలో విలియం వాకర్ అనే సాహసికుడు ఓ చిన్న సొంత సైన్యంతో నికరాగువాను పట్టి, అధ్యక్షుడినని ప్రకటించుకుని, అక్కడ రద్దైన బానిసత్వాన్ని మళ్ళీ చట్టబద్ధం చేశాడు. ఆ దండయాత్రలన్నిటికీ గీత ఒక్కటే కారణమని నేననను. కానీ గీత ఉన్నంతకాలం దక్షిణాదికి దక్షిణం వైపు చూడక తప్పదు.

పసిఫిక్ దాకా గీతను పొడిగిద్దామన్న మాట కాలిఫోర్నియా దగ్గర తేలిపోయింది. 1848 జనవరిలో అక్కడ బంగారం బయటపడింది. ఏడాది తిరక్కుండా జనం వరదలా వచ్చారు. 1849లో వాళ్ళు రాజ్యాంగం రాసుకున్న మాంటెరే ఊరు ఆ అక్షాంశానికి కొద్ది మైళ్ళ ఉత్తరాన ఉంది. అక్కడ కూర్చుని రాష్ట్రమంతటా బానిసత్వం వద్దని ఏకగ్రీవంగా రాసేశారు. గీత తమ రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేస్తుందన్న ఆలోచనను వాళ్ళు లెక్కలోకే తీసుకోలేదు.

నిషేధం వయసు గీతకంటే ఎక్కువ. 1784లో జెఫర్సనే ఒక ప్రతిపాదన తెచ్చాడు: 1800 తర్వాత పశ్చిమ నేలల్లో ఎక్కడా బానిసత్వం ఉండకూడదని. ఒకే ఒక్క ఓటు తక్కువై అది పోయింది. న్యూజెర్సీ ప్రతినిధి ఒకాయన జబ్బుపడి సభకు రాలేదు. అప్పటికి పత్తి గింజ తీసే విట్నీ యంత్రం రాలేదు, పత్తి ఇంకా రాజు కాలేదు. గోటితో పోయేదంటారే, అది ఆ రోజు మాట. 1787లో ఒహాయో నదికి ఉత్తరాన మాత్రం నిషేధం పెట్టగలిగారు. ఇప్పటి ఒహాయో, ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రాలు పుట్టింది ఆ నేలలోనే.

1846 ఆగస్టులో పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మాట్ దాదాపు ఆ 1787 మాటలనే తీసుకుని, మెక్సికో నుంచి వచ్చే నేలంతటికీ వర్తించేలా ఒక నిధుల బిల్లుకు తగిలించాడు. ప్రతినిధుల సభలో గెలిచింది, సెనేట్‌లో ఆగిపోయింది. విల్మాట్‌ను మహాత్ముణ్ణి చేయనక్కర్లేదు. తనది తెల్లవాళ్ళ కోసం పెట్టిన నిబంధన అని తానే చెప్పుకున్నాడు. నల్లవాళ్ళ మీద జాలితో కాకుండా, బానిస కూలితో పోటీ లేకుండా తెల్ల రైతు బతకాలన్న ఉద్దేశంతో తెచ్చాడు. ఆనాటి ఉత్తరాది ఓటర్లలో ఎక్కువమంది తీరు కూడా ఇదే.

అయినా నా కొలతకు నిలిచేది ఇదొక్కటే. కొత్త నేల వచ్చినా అందులోకి బానిసలను తీసుకుపోవడానికి వీల్లేదంటే, నేల కోసం యుద్ధాలు చేయడానికి బానిస యజమానికి ఉన్న కారణం పోతుంది. దక్షిణాది భయం కూడా సరిగ్గా అక్కడే. చుట్టూ నిప్పు పెడితే తేలు తనను తానే కుట్టుకుని చస్తుందని బానిసత్వ వ్యతిరేకులు అనేవారు. ఆ తేలు తామేనని దక్షిణాదికి తెలుసు.

ఓటు దారి వినడానికి నాలుగింటిలోనూ అందమైనది. ప్రజాస్వామ్యమే కదా, ఎక్కడి జనం అక్కడ తేల్చుకుంటారు, వాషింగ్టన్‌కు తలనొప్పి పోతుంది. 1847 చివర్లో మిషిగన్ సెనేటర్ లూయిస్ కాస్ దీన్ని ముందుకు తెచ్చాడు, ఇల్లినాయి సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ నెత్తికెత్తుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితిలో ఉన్న డెమొక్రాట్ పార్టీకి ఇది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. కారణం, ఇందులో ఒక ప్రశ్నను కావాలనే ఖాళీగా వదిలేశారు. జనం తేల్చుకునేది ఎప్పుడు? వలస వచ్చిన కొత్తలోనే, టెరిటరీ (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) శాసనసభలో అని ఉత్తరాది డెమొక్రాట్లు తమ ఓటర్లకు చెప్పుకున్నారు. రాష్ట్రం అయ్యే రోజునే, అప్పటిదాకా బానిసలను తెచ్చుకోవచ్చు అని దక్షిణాదివాళ్ళు చెప్పుకున్నారు. ఒకే మందు సీసాకు రెండు చీటీలు.

1854లో డగ్లస్ కాన్సస్, నెబ్రాస్కా చట్టం తెచ్చి ఆ ముప్పైనాలుగేళ్ళ గీతను చెరిపేశాడు. చికాగో నుంచి పశ్చిమానికి రైలు వేయించుకోవాలన్న ఆశ అందులో ఒక పాలు. తర్వాత జరిగింది మన పల్లెల్లో ఎన్నికలు చూసినవాళ్ళకు వివరించనక్కర్లేదు. 1855 మార్చి నాటికి కాన్సస్‌లో ఓటర్లు దాదాపు 2,900 మంది. పోలైన ఓట్లు 6,300కు పైన. పక్క మిస్సోరీ నుంచి తుపాకులు పట్టుకుని వచ్చి ఓట్లు గుద్ది సాయంత్రానికి ఇంటికి పోయారు. అలా గెలిచిన సభ బానిసత్వానికి చట్టాలు చేసింది, ఎదుటి పక్షం పోటీ ప్రభుత్వం పెట్టుకుంది. 1856 మే 21న బానిసత్వ పక్షంవాళ్ళు ఎదుటి పక్షానికి చెందిన లారెన్స్ ఊరిని దోచుకుని, అక్కడి హోటల్‌ను తగలబెట్టారు. మరునాడు వాషింగ్టన్‌లో, సెనేట్ సభలోనే, దక్షిణ కరొలైనా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ బానిసత్వ వ్యతిరేకి అయిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను చేతికర్రతో రక్తం కారేలా కొట్టాడు. మరో రెండు రోజులకు బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు కాన్సస్‌లోని పాటవాటమీ వాగు దగ్గర బానిసత్వ పక్షంవాళ్ళు ఐదుగురిని ఇళ్ళలోంచి లాగి నరికారు.

డగ్లస్‌కు న్యాయం చేయాలంటే రెండు మాటలు చెప్పాలి. బానిసత్వానికి అనుకూలంగా మోసంతో తెచ్చిన లెకాంప్టన్ రాజ్యాంగాన్ని అధ్యక్షుడు బుకానన్ కాన్సస్ మీద రుద్దబోతే, సొంత పార్టీ అధ్యక్షుడినే ఎదిరించి నిలబడ్డాడు. 1858 ఆగస్టులో కాస్త నిజాయితీగా ఓటు జరిగినప్పుడు జనం వ్యతిరేకంగా 11,300, అనుకూలంగా 1,788 ఓట్లు వేసి దాన్ని తిప్పికొట్టారు కూడా. అంటే ఓటు చివరికి సరైన జవాబే ఇచ్చింది. కానీ కొత్తగా నేల వచ్చిన ప్రతిసారీ ఇలా నాలుగేళ్ళు చంపుకోవాలా? మరొకటి, ఎవరి బతుకు మీద ఓటు పడుతోందో వాళ్ళకే ఓటు లేదు. కాన్సస్‌లో ఇరుపక్షాలు ఎన్ని పెట్టెలు నింపినా, అందులో ఒక్క బానిస చీటీ లేదు.

ఆస్తి దారి గురించి పెద్దగా తూచడానికేం లేదు. టెరిటరీలు అన్ని రాష్ట్రాల ఉమ్మడి సొత్తు, కాబట్టి నా గుర్రాన్ని తీసుకుపోయినట్టే నా బానిసను తీసుకుపోతానని దక్షిణ కరొలైనా సెనేటర్ జాన్ కాల్హూన్ 1847లో వాదించాడు. పదేళ్ళ తర్వాత, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో, ప్రధాన న్యాయమూర్తి టానీ ఆధ్వర్యంలో సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో దాన్ని రాజ్యాంగం చేసింది. నల్లజాతివాళ్ళు అమెరికా పౌరులు కాలేరన్నది కూడా ఆ తీర్పే. కాంగ్రెస్‌కు నిషేధించే అధికారమే లేదన్నాక గీత పోయింది, నిషేధమూ పోయింది. కాంగ్రెస్‌కే లేని అధికారం అది పుట్టించిన టెరిటరీ సభకు ఎక్కడిది? కాబట్టి డగ్లస్ ఓటు కూడా పోయినట్టే. వివాదం తీర్చడానికి వచ్చిన తీర్పు, రాజీకి ఉన్న తలుపులన్నీ ఒకే దెబ్బకు మూసేసింది. కోర్టు ఏమన్నా, బానిసత్వాన్ని కాపాడే స్థానిక పోలీసు నిబంధనలు చేయకుండా ఉండి టెరిటరీ జనం దాన్ని ఆపొచ్చని 1858లో ఫ్రీపోర్ట్‌లో లింకన్‌కు జవాబుగా డగ్లస్ అన్నాడు. దాంతో దక్షిణాది అతన్ని వదిలేసింది. 1860లో డెమొక్రాట్ పార్టీ రెండుగా చీలింది. సుమారు 40 శాతం ఓట్లతో లింకన్ గెలిచాడు.

ఇక్కడ నిషేధం పక్షాన ఉన్న నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. లింకన్ నిషేధం మీదే గెలిచాడు, ఆ గెలుపు చూసే దక్షిణ కరొలైనా 1860 డిసెంబర్ 20న దేశంలోంచి బయటికి పోయింది. మరి నిషేధమే కదా యుద్ధం తెచ్చింది? ఆరు లక్షలకు పైగా సైనికులు చచ్చిపోయిన యుద్ధం అది. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

జవాబు ఆ డిసెంబర్‌లోనే దొరుకుతుంది. కెంటకీ సెనేటర్ క్రిటెండెన్ చివరి ప్రయత్నంగా పాత గీతనే బయటికి తీసి, కాలిఫోర్నియా సరిహద్దు దాకా పొడిగిద్దామన్నాడు. పాపం, ఆయన మంచి ఉద్దేశంతోనే తిరిగాడు. తర్వాత యుద్ధంలో ఆయన కొడుకుల్లో ఇద్దరు చెరో పక్షాన సేనానులయ్యారు. కానీ ఆ ప్రతిపాదనలో ఒక మాట ఉంది: గీతకు దక్షిణాన ఇప్పుడున్న నేలే కాదు, ఇకముందు సంపాదించబోయే నేల కూడా బానిసత్వానికే. ఆ ఒక్క మాటతో క్యూబా, మెక్సికో, మధ్య అమెరికా అన్నీ బల్ల మీదికి వచ్చాయి. విస్తరణ విషయంలో రాజీ వద్దని, పడాల్సిన లాగులాట ఇప్పుడు పడడమే మేలని లింకన్ తనవాళ్ళకు ఉత్తరాలు రాశాడు. గీతను ఒప్పుకుని ఉంటే ఆ ఏడాది యుద్ధం తప్పేదేమో. దానికి ధర 40 లక్షల మంది మెడ మీద ఇంకో తరం కాడి, కరీబియన్‌లో మరికొన్ని దండయాత్రలు. ఉన్నచోట బానిసత్వాన్ని ముట్టనని లింకన్ అధ్యక్షుడిగా మొదటి ప్రసంగంలోనే మాటిచ్చినా దక్షిణాది ఆగలేదంటే, దానికి కావలసింది ఉన్నది నిలుపుకోవడం మాత్రమే కాదని అర్థం.

యుద్ధం మొదలయ్యాక దాని సెగ మన తీరానికీ తగిలింది. అమెరికా పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండ్ మిల్లులు ఇండియా వైపు తిరిగాయి. 1861–65 మధ్య కాకినాడ పత్తి రేవుగా ఒక్కసారిగా పైకి లేచింది.

దక్షిణాది సభ్యులు ఖాళీ చేసిన కాంగ్రెస్ 1862 జూన్ 19న టెరిటరీలన్నిటిలో బానిసత్వాన్ని నిషేధించింది. టానీ తీర్పును లెక్కచేయలేదు, యజమానులకు పరిహారం అనలేదు. పదహారేళ్ళ కిందట సెనేట్ ఆపేసిన ఆ నిబంధన చట్టమైన నాడు, అదే సెనేట్‌లో పెన్సిల్వేనియా తరఫున డేవిడ్ విల్మాట్ సభ్యుడిగా ఉన్నాడు.