కిరాణా కొట్లో సౌండ్ బాక్స్: పనికి వంక లేదు, నోరే పెద్దది

తెనాలిలో మాది చిన్న కిరాణా కొట్టు. క్యూఆర్ స్టిక్కర్ పక్కన పెట్టే సౌండ్ బాక్స్ తీసుకోమంటారా అని తోటి కొట్లవాళ్లు అడుగుతుంటారు. తీసుకోండి, కాకపోతే సౌండు తగ్గించి పెట్టుకోండి.

పనిలో వంక పెట్టలేం. దానికి సొంత సిమ్ ఉంటుంది కాబట్టి, మన ఫోన్ ఇంట్లో మర్చిపోయి వచ్చినా డబ్బు పడగానే తెలుగులో చెప్పేస్తుంది. సాయంత్రం రద్దీలో ఒక చేత్తో కందిపప్పు తూస్తూ ఇంకో చేత్తో మెసేజ్ వెతుక్కునే టెన్షన్ పోయింది. పేమెంట్ అయిపోయినట్టు దొంగ స్క్రీన్ చూపించేవాళ్ల ఆటలూ దీని ముందు సాగవు.

ఇబ్బందల్లా దాని అరుపుతోనే. ఒకావిడ సంచీ నిండా సరుకులు తీసుకుని, స్కాన్ చేసి వంద పంపి, "మిగతాది పద్దులో రాయండన్నా" అంటుంది, గొంతు తగ్గించి. బాక్స్ మాత్రం పాల ప్యాకెట్ కోసం నిలబడ్డ నలుగురికీ వినిపించేలా వంద రూపాయలు అందాయని చాటింపు వేస్తుంది. నలుగురూ ఆ సంచీ వంక చూస్తారు. నోటు చేతిలో పెట్టిన రోజుల్లో ఆ లెక్క ఆమెకీ నాకూ మధ్యే ఉండేది. ఒక్క పేమెంటుకి నోరు మూయించే బటన్ పెడితే ఏం పోయింది? నా బాక్స్‌కి ఉన్నది సౌండు పెంచే, తగ్గించే బటన్లే.

మా అబ్బాయి కౌంటర్లో కూర్చుంటే, బాక్స్ మోగితేగానీ సరుకు వదలడు. సర్వర్ మొరాయించిన రోజున ఎదురింటి మాస్టారు "డబ్బులు కట్ అయ్యాయి బాబూ, మీకు పడలేదా?" అంటున్నా ఆయన్ని అలాగే నిలబెట్టాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి! వాణ్ని మాత్రం ఏమనగలం? మోగిందా లేదా అన్నదొక్కటే చూసుకోమని ఆ పెట్టె నేర్పుతోంది. పంట డబ్బు చేతికొస్తే ఎవరు నేరుగా కొట్టుకొస్తారో, ఎవరు వీధి మార్చి వెళ్తారో మా నాన్నకి తెలిసేది. అరువు ఇస్తూ, పోగొట్టుకుంటూ నేర్చుకున్నాడాయన. అందుకే ఇప్పుడు మధ్యాహ్నం పూట బాక్స్ ఆపేసి, అరువు పుస్తకం వాడికే అప్పజెబుతున్నాను.

అద్దె సంగతి ముందే తేల్చుకోండి. బ్యాంకు ఖాతాల నుంచి వచ్చే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి మన దగ్గర ఎండీఆర్ (పేమెంటుకి ఇంతని కొట్టువాళ్ల దగ్గర కోసుకునే రుసుము) తీసుకోవడం లేదు గానీ, బాక్స్‌కి నెలనెలా కోస్తారు. బేరాల్లేని నెలైనా సరే.

నా మార్కులు: ఐదుకి మూడున్నర.