5 ఎంఎం సెమీ-డ్రై వెట్‌సూట్: 40 డైవ్‌ల తర్వాత నా రివ్యూ

చల్లటి నీళ్ళల్లో స్కూబా చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి. (వెట్‌సూట్ అంటే డైవింగ్‌లో చలికి వేసుకునే బిగుతు రబ్బరు సూట్, సెమీ-డ్రై అంటే అందులోకి నీళ్ళు చాలా తక్కువ వచ్చే రకం, ఎంఎం రబ్బరు మందం.)

ముందు నా పాత సూట్ సంగతి చెప్పాలి. అది 7 ఎంఎం. మందం ఎంత ఎక్కువుంటే అంత వెచ్చగా ఉంటుందనుకుని ఆన్‌లైన్‌లో తెప్పించా, భుజాల దగ్గర పట్టేస్తుందేమోనని ఒక సైజు పెద్దదే తీసుకున్నా, అక్కడే దెబ్బతిన్నా. నీళ్ళు 17 డిగ్రీలు, లోతు 18 మీటర్లు. మొదటి పది నిమిషాలు బానే ఉంది, ఆ తర్వాత తల పక్కకి తిప్పిన ప్రతిసారీ మెడ వెనకనుంచి చన్నీళ్ళు సన్నటి ధారలాగా దూరి, వెన్నెముక పొడవునా పాకి, నడుము దగ్గరున్న ఖాళీలో చేరేవి. నేను కాళ్ళకున్న ఫిన్‌లు కొట్టగానే అక్కడున్న నీళ్ళు బయటికి పోయి మళ్ళీ కొత్త నీళ్ళు. ఒళ్ళు కష్టపడి కాస్త వేడెక్కించుకున్న నీళ్ళన్నీ అలా పోతూనే ఉన్నాయి. అరగంటకి వేళ్ళు కొంకర్లు పోయాయి, జాకెట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కుతున్నానో లేదో కూడా తెలియట్లేదు, వణుకుతో ఊపిరి గబగబా తీసుకోవడం వల్ల మామూలుగా 50 నిమిషాలు వచ్చే ట్యాంక్ 33 నిమిషాలకే 50 బార్‌కి, అంటే ఇక పైకి రావాల్సినంత తక్కువ గాలికి, దిగిపోయింది. పైకొచ్చే ముందు ఆగే సేఫ్టీ స్టాప్‌లో ఆ 3 నిమిషాలు నిలబడటం ఎంత కష్టమైందో నాకే తెలుసు. చలిని ఓర్చుకుంటే సరిపోతుందిలే అనుకోకండి, పైకొచ్చేటప్పుడు ఒళ్ళు చల్లబడి ఉంటే లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడం కూడా నెమ్మదిస్తుంది, దాంతో డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) వచ్చే అవకాశం పెరుగుతుంది.

అప్పుడు కూర్చుని అసలు ఈ సూట్ ఎలా పనిచేస్తుందో చదివా. నియోప్రీన్ అంటే లోపల లెక్కలేనన్ని చిన్న చిన్న గ్యాస్ బుడగలున్న రబ్బరు, వెచ్చదనాన్ని ఆపేది ఆ బుడగలే. సూట్ లోపలికొచ్చిన నీళ్ళే దుప్పటిలాగా కాపాడతాయని చాలామంది అంటారు, నేనూ అదే నమ్మా, కానీ నీళ్ళు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి కాబట్టి అవి ఎంత తక్కువుంటే అంత మంచిది, ఉన్న కాసిని కూడా కదలకుండా ఉండాలి. 1950ల మొదట్లో వెట్‌సూట్ ఆలోచన చేసిన హ్యూ బ్రాడ్నర్ అనే ఫిజిక్స్ ఆయన పట్టుకున్న కిటుకు కూడా ఇదే: వెచ్చగా ఉండటానికి పొడిగా ఉండక్కర్లేదు, బట్టలో గ్యాస్ ఉంటే చాలు. అంటే నా పాత సూట్‌లో 7 ఎంఎం రబ్బరు దాని పని అది చేస్తూనే ఉంది, వదులుగా ఉండటం వల్ల ఆ పనంతా నీళ్ళపాలైంది.

ఇంకో సంగతి, లోతుకి వెళ్ళేకొద్దీ ఆ బుడగలు నలిగిపోతాయి. 10 మీటర్ల దగ్గర ప్రెషర్ రెండింతలు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు, అందుకే పైన 7 ఎంఎం ఉన్న సూట్ కింద అంత మందం ఉండదు, సరిగ్గా నీళ్ళు చల్లగా ఉండేచోటే సూట్ పల్చబడుతుంది. థర్మోక్లైన్ (నీళ్ళు ఒక్కసారిగా చల్లబడే పొర) దాటగానే ఒక్కసారిగా చలి కొట్టేది ఇందుకే, నీళ్ళూ చల్లబడతాయి, సూటూ సన్నబడుతుంది.

ఇప్పుడు కొన్న సూట్‌కొద్దాం. 5 ఎంఎం సెమీ-డ్రై, మణికట్లకీ చీలమండలకీ మెడకీ లోపలివైపు నున్నటి రబ్బరు సీల్స్ ఉన్నాయి, జిప్ వీపు మీద అడ్డంగా భుజం నుంచి భుజానికి, దాని లోపల ఇంకో పొర ఫ్లాప్. ఈసారి ఆన్‌లైన్‌లో తీసుకోలేదు, షాప్‌కెళ్ళి మూడు సూట్లు వేసుకుని చూశా, ఒక్కోటి వేసుకునేసరికి చెమటలు పట్టాయి కానీ గంటన్నర పోయినా ఫర్వాలేదనుకున్నా. మీరూ వేసుకున్నాక అద్దంలో చూసుకుని ఊరుకోకండి, చేతులు పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, వంగండి, ట్యాంక్ వాల్వ్ అందుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి పెట్టండి. నాతో వచ్చిన ఫ్రెండ్‌ని నడుము వెనక సూట్‌ని రెండు వేళ్ళతో పట్టి లాగమన్నా, మొదటి సూట్‌లో గుప్పెడు రబ్బరు చేతిలోకొచ్చింది, రెండోదాంట్లో చంకల కింద సంచిలాగా వేలాడింది, మూడోదాంట్లో మాత్రం గిల్లడానిక్కూడా దొరకలేదు, అదే తీసుకున్నా. నిండుగా ఊపిరి పీల్చుకోగలగాలి, మెడ దగ్గర గొంతు నొక్కినట్టు ఉండకూడదు, ఆ రెండూ బావుంటే మిగతాచోట్ల కాస్త బిగుతుగా ఉన్నా భయపడకండి, నీళ్ళల్లో కొంచెం సాగుతుంది. పొడిగా ఉన్నప్పుడే హాయిగా వదులుగా ఉందంటే అది నీళ్ళల్లో లూజే.

కుట్లు కూడా చూడండి. కొన్నిటికి కుట్టు సూది రబ్బరుని ఆరపార దాటుతుంది, ఆ బెజ్జాల్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, వెచ్చటి నీళ్ళకి చాలు గానీ చలికి కాదు. దీనికి అంచులు గమ్‌తో అతికించి సూది సగం మందం దాకే వెళ్ళేలా కుట్టారు, లోపల మోకాళ్ళ దగ్గర టేప్ కూడా వేశారు. నాకైతే మందం కంటే ఈ కుట్టూ సీల్సే ముఖ్యం అనిపించింది.

ఎలా ఉందంటే, అదే చోట, అదే 17 డిగ్రీల్లో, 7 ఎంఎంతో అరగంట తట్టుకోలేనిది దీంతో 50 నిమిషాలు చేశా, పైకొచ్చాక వణుకు లేదు. నీళ్ళు లోపలికి రావని కాదు, దూకగానే మెడ దగ్గర కొద్దిగా వస్తాయి, వచ్చినవి అక్కడే ఆగి వెచ్చబడతాయి. నీళ్ళు 15 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు సూట్ లోపల హుడ్ (తలని కప్పే టోపీ) ఉన్న వెస్ట్ వేసుకుంటా, పొట్టకీ ఛాతీకీ ఇంకో పొర, పైగా మెడ దగ్గర దారి మూసుకుపోతుంది. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందనే మాట నిజం కాదు గానీ, ఒళ్ళంతా కప్పుకుని తల ఒక్కటీ వదిలేస్తే చలి అక్కణ్ణించే మొదలవుతుంది, అందుకే హుడ్ ముందు కొనండి, మందం సూట్ తర్వాత. నీళ్ళు 24 డిగ్రీల పైనుంటే మాత్రం ఇది వద్దు, 3 ఎంఎం చాలు. 10 డిగ్రీల కంటే తక్కువైతే డ్రైసూట్ (నీళ్ళు అసలు లోపలికి రాని సూట్) నేర్చుకోవాల్సిందే, వెట్‌సూట్‌తో మొండిగా వెళ్ళకండి. ఇవి నా ఒంటికి, సన్నగా ఉండి త్వరగా చలేసేవాళ్ళు ఒక మెట్టు మందం పెంచుకోండి, రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్ళు కూడా అంతే, మూడోదానికి ఒళ్ళు ముందే చల్లబడి ఉంటుంది.

సూట్ మార్చాక వెయిట్ చెక్ (మునగడానికి కట్టుకునే బరువులు ఎన్ని కావాలో చూసుకోవడం) తప్పనిసరిగా చేసుకోండి. 7 నుంచి 5కి వచ్చేసరికి నేను కట్టుకునే బరువుల్లో 2 కిలోలు తగ్గాయి, పాత బరువుతోనే దిగుంటే రాయిలాగా కిందకి పోయేదాన్ని.

నచ్చనివీ ఉన్నాయి. వీపు జిప్ ఒక్కదాన్నే వేసుకోలేను, ప్రతిసారీ బడ్డీ (జంటగా దిగే తోటి డైవర్) కావాలి. మణికట్టు సీల్స్ విప్పడం పెద్ద పని, పాదాలకి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటే వేసుకునేటప్పుడు కాళ్ళు జర్రున జారతాయి గానీ విప్పేటప్పుడు ఏ ఉపాయమూ లేదు. ఆరడానికి నాకు రెండు రోజులు పడుతోంది. మెడ సీల్ చాలా సున్నితం, ఐదో డైవ్‌కే నా గోరు దిగి చంద్రవంకలాగా చిన్న కోత పడింది, చూసి ప్రాణం ఉసూరుమంది. బాగా ఆరబెట్టి, కోతని మెల్లగా విప్పి రెండంచులకీ నియోప్రీన్ సిమెంట్ అనే జిగురు పల్చగా పూసి, కాసేపు ఆగి ఇంకో పూత వేసి, తడి పోయి జిగురు మిగిలాక నొక్కి ఒక రాత్రి వదిలేశా, ఇప్పటిదాకా ఊడలేదు. అప్పట్నించీ గోళ్ళు కత్తిరించుకునే సూట్ ముట్టుకుంటున్నా, లాగేటప్పుడు వేళ్ళ మెత్తటి భాగంతోనే పట్టుకోండి.

ప్రతి డైవ్ రోజూ మంచినీళ్ళలో కడిగి, తిరగేసి, నీడలో వెడల్పు హ్యాంగర్‌కి వేలాడదీస్తా. మడతపెట్టి మూలన పడేస్తే మడత దగ్గర బుడగలు అణిగిపోతాయి, మళ్ళీ ఉబ్బవు, అక్కడ్నించి చలి మొదలు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మడతల దగ్గర రబ్బరు నొక్కి చూడండి, మెత్తగా తిరిగి లేవకుండా బిర్రుగా ఉందంటే వదిలేయండి, పేరుకే 7 ఎంఎం.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. మొన్నటి డైవ్‌లో నీళ్ళు 14 డిగ్రీలు, 45 నిమిషాలు కిందున్నాం, పైకొచ్చి బడ్డీ నా జిప్ తీసి, వెస్ట్ పైకి లాగి, నడుము దగ్గర చెయ్యి పెట్టి చూసి "ఇక్కడ తడే లేదు" అంది.