చిట్టా, ఆవర్జా తెలిసినవారికి ఫుల్‌స్టాక్ పాఠం: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మూడు వారాంతాల తరగతి

నెల్లూరు నుంచి బియ్యం తెప్పించి బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లకు 25 కిలోల బస్తాలుగా సరఫరా చేసే వ్యాపారం నాది. ఆర్డర్లు తీసుకునే యాప్‌ను ఒక సంస్థ చేత చేయించుకుని ఏడాదిన్నర దాటినా, అది లోపల ఎలా పనిచేస్తుందో తెలియకుండానే బిల్లులు చెల్లిస్తూ వచ్చాను. మొన్నటి ఉగాది వారంలో 11 మంది యూపీఐ ద్వారా డబ్బు కట్టారు, కానీ మా దగ్గర ఒక్క ఆర్డరూ నమోదు కాలేదు. కారణం అడిగితే యాప్ సంస్థవారు బ్యాంకు సమస్య అన్నారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోలేకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. సాఫ్ట్‌వేర్ చదువు లేని వ్యాపారుల కోసం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నడిచే ఈ తరగతిలో చేరింది అందుకే. మూడు వారాంతాలు, ఆరు పూటలు, 9,000 రూపాయల రుసుము, బ్యాచ్‌కు 10 మంది.

కోడ్ రాయడం ఇక్కడ నేర్పరు. వినియోగదారు చూసే ఫ్రంట్‌ఎండ్, నిర్ణయాలు జరిగే బ్యాక్‌ఎండ్, లెక్కలు నిలిచే డేటాబేస్, వీటన్నిటినీ నడిపే సర్వర్ (ఈ అంచెలన్నీ కలిపితే ఫుల్‌స్టాక్) అనే పరిచయం మొదటి పూటతో ముగుస్తుంది. మిగిలిన కాలమంతా ఒకే ఒక్క ఆర్డరు, బటన్ నొక్కిన క్షణం నుంచి బ్యాంకు దాకా వెళ్లి తిరిగి వచ్చే దారిని అడుగడుగునా చూపిస్తారు. ఈ తరగతి విలువ నా దృష్టిలో ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కించి, 1,500 రూపాయల బస్తా ధరను మా కళ్లముందే ఒక రూపాయిగా మార్చి చూపించారు. మారింది మన తెరమీద మాత్రమే. అయితే బ్రౌజర్ పంపిన ధరనే సర్వర్ నమ్మి ఆర్డరు తీసుకునేలా రాసి ఉంటే, ఆ బస్తా నిజంగానే రూపాయికి వెళ్లిపోతుంది. ధరను ఎప్పుడూ సర్వర్ తన డేటాబేస్ నుంచే తీసుకోవాలన్న సూత్రం ఆ ఒక్క ప్రయోగంతో మనసులో నాటుకుంది.

డేటాబేస్ పాఠం నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది. పాఠం చెప్పే ఆయనది కర్నూలు. తరగతి ఇంగ్లీషులోనే నడిచినా, టీ విరామంలో మా ముగ్గురు తెలుగువాళ్లకు ఓపికగా తెలుగులో విడమరిచి చెప్పేవారు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన పట్టికల పద్ధతిని వివరిస్తుంటే, మా నాన్నగారి కొట్టులోని చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) గుర్తుకొచ్చాయి. చిట్టాలో ప్రతి పద్దు పక్కనా ఆవర్జా పుట సంఖ్య వేసినట్టే, ఆర్డర్ల పట్టికలో వినియోగదారు చిరునామా మళ్లీ రాయకుండా అతని సంఖ్య ఒక్కటే ఉంచుతారు. డబ్బు జమ కావడం, బస్తా నిల్వలోంచి తగ్గడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు.

నా 11 ఆర్డర్ల సంగతి రెండో శనివారం తేలింది. డబ్బు అందగానే పేమెంట్ గేట్‌వే, అంటే యాప్‌కూ బ్యాంకుకూ మధ్య చెల్లింపులు నడిపే సేవ, మన సర్వర్‌కు వెబ్‌హుక్ అనే సందేశం పంపుతుంది. సర్వర్ దాన్ని సరిగా అందుకుంటే 200 అనే కోడ్‌తో, తనలోనే లోపముంటే 500 అనే కోడ్‌తో జవాబిస్తుంది. సందేశం అందలేదనుకుంటే గేట్‌వే మళ్లీ పంపుతుంది కాబట్టి, ఒకే చెల్లింపుకు రెండు బస్తాలు వెళ్లకుండా కూడా చూసుకోవాలి. సోమవారం మా యాప్ సంస్థను ఒకే ప్రశ్న అడిగాను: ఆ వారం వెబ్‌హుక్‌లకు మన సర్వర్ ఏ కోడ్ ఇచ్చింది? మర్నాటికి జవాబు వచ్చింది. వరుసగా 500. బ్యాంకు తప్పు అందులో లేదు.

యాజమాన్యం గురించిన పూట ప్రతి వ్యాపారీ వినవలసినది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. బయటి సంస్థ చేత రాయించుకుంటే మాత్రం డబ్బు చెల్లించినంత మాత్రాన హక్కు మనకు రాదు. 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టుగానూ భావిస్తారు. నా ఒప్పందంలో ఈ ప్రస్తావనే లేదు. డొమైన్ పేరు (ఇంటర్నెట్‌లో మన చిరునామా) కూడా ఆ సంస్థ ఖాతాలోనే ఉందని అప్పుడే గమనించి, అదే వారంలో నా పేరుకు మార్పించుకున్నాను.

లోపాలు లేకపోలేదు. యాప్ విడుదలయ్యాక నెలనెలా అయ్యే సర్వర్ ఖర్చు, నిర్వహణ ఖర్చు గురించి పావుగంట కూడా చెప్పలేదు. చిన్న వ్యాపారిని కుంగదీసేది ఆ ఖర్చే. టెస్టింగ్ పాఠం తొందరగా ముగించారు. ఫుల్‌స్టాక్ డెవలపర్ అంటే ఫ్రంట్‌ఎండ్, బ్యాక్‌ఎండ్ రెండు వైపులా పని తెలిసినవాడే తప్ప, ఒక్కడే డిజైను, భద్రత, నిర్వహణ అన్నీ మోసే మనిషి కాదన్న ముఖ్యమైన మాట చివరి రోజు వచ్చింది. అది మొదటి రోజే చెప్పవలసింది.

ఇప్పటికే యాప్ ఉన్నవారికి ఈ తరగతి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇంకా ఆలోచన దశలోనే ఉన్నవారు కొంత ఆగి చేరడం మేలు. వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు మీ యాప్‌లో విఫలమైన ఒక ఆర్డరు వివరాలు, మీ ఒప్పంద పత్రం తీసుకెళ్లండి. రెండో శనివారం ఆ ఆర్డరునే బోర్డు మీద విప్పి చూపిస్తారు.