జిగాల్‌స్కీ చిల్లుల షీట్లు: ఎనిగ్మాను పట్టించిన కాగితాలు

జర్మన్ సైన్యం సందేశాలను రహస్య లిపిలోకి మార్చిన యంత్రం ఎనిగ్మా; దాన్ని ఛేదించిన కథలో పేరంతా యంత్రాలదే. పోలిష్ సంకేత ఛేదకుడు మరియన్ రెయెవ్‌స్కీ ‘బొంబా’కు (కీలు వెతికే యంత్రానికి) వచ్చినంత పేరు ఆయన సహచరుడు, పోజ్నాన్‌లో గణితం చదివిన హెన్రిక్ జిగాల్‌స్కీ కాగితాలకు రాలేదు. పనిముట్టుగా చూస్తే మాత్రం ఎక్కువ మార్కులు కాగితాలకే.

1938 సెప్టెంబరు నుంచి జర్మన్ ఆపరేటర్ యంత్రంలోని మూడు రోటర్లకు (అక్షరాలను మార్చే తిరుగుడు చక్రాలకు) తనకు తోచిన ప్రారంభ అమరికను బాహాటంగానే పంపి, వెనకే మూడక్షరాల మెసేజ్ కీని (ఆ సందేశానికి రోటర్లు ఎక్కడ మొదలవ్వాలో చెప్పేదాన్ని) రెండుసార్లు సంకేతీకరించి పంపేవాడు. ఆ ఆరక్షరాలు ‘కె టి ఎల్ కె ఓ బి’ అని వచ్చాయనుకోండి. ఒకటోదీ నాలుగోదీ కె. ఇలాంటి జత రోటర్ల అమరికల్లో సుమారు నూటికి నలభైలోనే సాధ్యం. ప్లగ్‌బోర్డు (అక్షరాలను తీగలతో జంటలుగా తారుమారు చేసే పలక) తీగలు ఎలా మార్చినా ఆ జత చెదరదు. 1939 జనవరిలో తీగలు పెంచగానే బొంబా చతికిలబడింది. షీట్లకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఎడమ రోటరు ఒక్కో స్థానానికి ఒక్కో షీటు, సెట్టుకు 26. ఒక్కో రోటర్ల క్రమానికి ఒక్కో సెట్టు. షీటు మీద మిగతా రెండు రోటర్ల స్థానాలకు 51×51 గడులు: ఎ నుంచి జెడ్ దాకా, మళ్లీ ఎ నుంచి వై దాకా. జరిపినప్పుడు అంచు చాలకపోకుండా ఈ రెండో వరస. జత సాధ్యమయ్యే గడికి ఒక చిల్లు; షీటుకు దాదాపు 1000 చిల్లులు, అన్నీ బ్లేడుతో కోసినవే.

ఎడమ రోటరు రింగుకు (రోటరు చుట్టూ తిప్పి అమర్చే అక్షరాల పట్టీకి) ఒక అక్షరం ఊహించి, ఒక్కో మెసేజ్‌కు తగిన షీటు తీసి, దాని అమరికను బట్టి జరిపి పేర్చి, కింద దీపం పెట్టాలి. జత ఉన్న మెసేజ్‌లు 10–12 ఉంటే వెలుగు ఒకటి రెండు చిల్లులకు దిగుతుంది. అన్నీ ఆరిపోతే ఇంకో అక్షరంతో మళ్లీ మొదటికే. దొరికేది రోటర్ల క్రమం, రింగుల అమరిక. ప్లగ్‌బోర్డు వేరే పని.

లోపాలూ ఉన్నాయి. ఒక్క చిల్లు కోయడం మరిచినా అసలు జవాబే చీకట్లో పడుతుంది, తప్పెక్కడో తెలీదు. ఆరక్షరాల మధ్యలో నడిమి రోటరు కదిలినా అంతే. అన్నిటికన్నా పెద్ద చిక్కు తయారీ. 1938 డిసెంబరు 15 నాటికి ఆరు సెట్లలో రెండే పూర్తయ్యాయి. ఆరోజే జర్మన్లు ఇంకో రెండు రోటర్లు చేర్చడంతో కావలసినవి 60 సెట్లయ్యాయి, అంటే 1560 షీట్లు. వార్సా చేతిలో అంత డబ్బూ మనుషులూ లేరు. 1939 జూలైలో కిటుకు బ్రిటిష్‌వాళ్లకు అప్పగించారు; వాళ్లు కోసిన సెట్లు ఫ్రాన్స్‌లో తలదాచుకున్న పోలిష్ బృందానికి 1940 జనవరిలో అందాయి, 17న కీ దొరికింది.

మే 1న జర్మన్లు దాదాపు అన్ని నెట్‌వర్కుల్లో కీని రెండుసార్లు పంపడం మానేశారు. షీట్లన్నీ చిత్తు కాగితాలయ్యాయి.