నీస్ బజారులో 'ప్రొవాన్స్ నూలు గుడ్డ' కొనబోయేవారికి హెచ్చరిక

ఫ్రాన్సు దక్షిణ తీరానికి, ముఖ్యంగా నీస్ నగరానికి సెలవులకు వెళ్ళబోతున్న మనవాళ్ళందరూ ఇది చదవాలని కోరుకుంటున్నాను. జూన్‌లో మేము అక్కడ ఆరు రోజులు ఉన్నాము. సముద్రం గురించీ, ఊరి అందం గురించీ చెప్పడానికి ఎంతైనా ఉంది, కానీ ఇప్పుడు రాస్తున్నది అందుకు కాదు. అక్కడ ప్రొవాన్స్ (నీస్ ఉన్న దక్షిణ ఫ్రాన్సు ప్రాంతం) నూలు గుడ్డ అని నమ్మించి నాకు పాలియెస్టర్ అమ్మారు. లినెన్ అని చెప్పి లినెన్ కాని గౌను అంటగట్టారు. రెండు చోట్లా నేను ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ సంగతులు ఎవరూ చెప్పకపోవడం వల్లే డబ్బు పోయింది. మీకు అలా జరగకూడదు.

నీస్ పాత పట్టణంలో కూర్ సలేయా అనే వీధి ఉంది. మంగళవారం నుంచి ఆదివారం వరకు అక్కడ పూలు, పండ్లు, కూరగాయల సంత సాగుతుంది. సోమవారం మాత్రం పాత వస్తువుల అంగళ్ళు పెడతారు. పొద్దున్నే వెళ్తే కళ్ళు చాలవు. శనగపిండితో పెద్ద పళ్ళెంలో కాల్చే సొక్కా అనే అట్టు అక్కడి సొంత తిండి. దాన్ని తింటుంటే మా అబ్బాయికి ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. పూల వరుసలు దాటాక లావెండరు సంచులు, సబ్బులు, గుడ్డలు అమ్మే అంగళ్ళు వస్తాయి. నేను మోసపోయింది అక్కడే.

పసుపు మీద ఎర్రటి చిన్న పూలు, అంచున మామిడి పిందెలు ఉన్న టేబుల్ క్లాత్ అది. చూడగానే చేయి వేశాను. నా మెట్టినిల్లు పెడన. అచ్చు దిమ్మెలతో కలంకారీ వేసే ఊరు. ఆ మామిడి పిందెను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అంగడి ఆయన మేము భారతీయులమని గ్రహించి, "ఇది ఇండియెన్, మీ దేశపు గుడ్డే. మా ప్రొవాన్స్ నూలు, చేత్తో వేసిన అచ్చు" అని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆయన చెప్పిన చరిత్ర అబద్ధం కాదు, అందుకే నమ్మాను. పదిహేడో శతాబ్దంలో మన తీరం నుంచి అద్దకపు నూలు గుడ్డలు ఓడల్లో ఐరోపాకు వెళ్ళాయి. ఫ్రెంచివాళ్ళు 1669లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఆ గుడ్డలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ వచ్చిందంటే, వాటిని చూసి దక్షిణ ఫ్రాన్సులోని మార్సే రేవు పట్టణంలో కూడా అచ్చు వేయడం మొదలుపెట్టారు. తమ పట్టు, ఉన్ని నేతలు దెబ్బతింటున్నాయని 1686లో ఫ్రెంచి రాజ్యం వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఈనాటికీ దక్షిణ ఫ్రాన్సులో ఆ రకం పూల గుడ్డలను 'ఇండియెన్' అనే పిలుస్తారు. మన పెడన, మచిలీపట్నం చేతుల పనికి అంత దూరంలో అంత గౌరవం ఉందని తెలిసి నా మనసు నిండిపోయింది. ధర 68 యూరోలు. బేరం కూడా ఆడలేదు.

ఇంటికి వచ్చాక మా పెద్దత్తగారి ముందు పరిచాను. ఆవిడ వయసంతా అద్దకపు గుడ్డల మధ్యే గడిచింది. వేళ్ళతో అంచు నలిపి, గుడ్డను తిరగేసి, "ఇది నూలు కాదమ్మా, రంగు వెనక్కి దిగనే లేదు చూడు" అన్నారు. అంచు నుంచి ఒక దారం లాగి కాల్చి చూపించారు. నూలు దారమైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తని బూడిద మిగులుతుంది. ఇది కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి నల్లపూసలా మిగిలింది. పాలియెస్టర్.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. యంత్రం మీద అచ్చు వేయడం మోసం కాదు. ఈ రోజుల్లో ప్రొవాన్స్ గుడ్డల్లో ఎక్కువ భాగం యంత్రం మీద వేసినవే. మరకలు అంటకుండా పూత పూసినవీ, పాలియెస్టర్‌వీ కూడా ఆ మాట చెప్పే అమ్ముతారు, ఆరుబయట బల్లకు అవి బాగుంటాయి కూడా. కాబట్టి వెనక రంగు దిగకపోవడం ఒక్కటే రుజువు కాదు. పాలియెస్టర్‌ను నూలనీ, యంత్రం పనిని చేతి పని అనీ చెప్పి, ఆ లెక్కన ధర తీసుకోవడమే నా ఫిర్యాదు.

మరి కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది? ఐరోపా యూనియన్‌లో అమ్మే బట్టల మీద, ఇంట్లో వాడే గుడ్డల మీద ఏ రకం దారం ఎంత శాతమో రాసి ఉండాలి. అది అక్కడి నిబంధన. ఏ దేశంలో తయారైందో రాయాలన్న నిర్బంధం మాత్రం బట్టలకు లేదు. అందుకే 'ప్రొవాన్స్' అన్న బోర్డు అంగడి మీద ఉన్నంత మాత్రాన గుడ్డ అక్కడిదే కానక్కరలేదు. నేను కొన్న గుడ్డకు లేబుల్ కత్తిరించి ఉంది, కుట్టులో దాని మొదలు మాత్రం మిగిలింది. అప్పుడు చూసినా పట్టించుకోలేదు. మీరు పట్టించుకోండి. లేబుల్ లేని గుడ్డను ఎంత నచ్చినా తిరిగి ఇచ్చేయండి. ఫ్రెంచి లేబుల్ మీద కాటన్ అన్న మాటలో ఒకే 'టి' ఉంటుంది. లినెన్‌కు ఎల్, ఐ, ఎన్ అని మూడే అక్షరాలు ఉంటాయి. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలా వరకు గట్టెక్కుతారు.

గౌను సంగతి ఇంకో రకం. పాత పట్టణం సందులో ఒక చిన్న బుటీక్. అద్దాల వెనక తెల్లటి పొడవాటి గౌను వేలాడదీశారు. 52 యూరోలు, తగ్గింపు ధర అన్నారు. లినెన్ అని అమ్మకందారు రెండుసార్లు చెప్పింది. రాత్రి హోటల్ గదిలో లోపలి కుట్టు దగ్గర వెతికితే లేబుల్ దొరికింది. విస్కోస్ (కలప గుజ్జు నుంచి చేసే దారం), దానికి తోడు పాలియెస్టర్. మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్ళాను. 'తగ్గింపు సరుకు వాపసు లేదు, మార్పిడి లేదు' అని గోడ మీద అతికించిన కాగితం చూపించింది. మా వారు మాట పెంచడం ఎందుకని వచ్చేశారు.

ఆ కాగితం నాకు వర్తించదని తరువాత తెలిసింది. ఫ్రాన్సులో దుకాణానికి వెళ్ళి కొన్న సరుకును కేవలం నచ్చలేదని వాపసు ఇచ్చే హక్కు కొనుగోలుదారుకు లేదు. పద్నాలుగు రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఆన్‌లైన్ వంటి దూరపు కొనుగోళ్ళకే. దుకాణం ఇష్టపడి మార్చి ఇస్తే అది వారి మంచితనం. కానీ అమ్మినవారు చెప్పిన మాటకు సరుకు సరిపోకపోతే అది వేరే విషయం. దానికి రెండేళ్ళ చట్టబద్ధమైన హామీ ఉంది, తగ్గింపు ధరకు కొన్నా అది పోదు. ఆ రోజు ఈ ముక్క తెలిసి ఉంటే అంత తేలిగ్గా వెనుదిరిగేదాన్ని కాదు.

అయితే హామీ అడగాలన్నా చేతిలో కాగితం ఉండాలి. 2023 ఆగస్టు నుంచి ఫ్రాన్సులో బిల్లు దానంతట అది ముద్రించి ఇవ్వడం లేదు. అడిగితేనే ఇస్తారు. టేబుల్ క్లాత్ అంగడిలో నేను అడగలేదు. ఇప్పుడు నా దగ్గర బ్యాంకు నుంచి వచ్చిన సందేశం తప్ప మరో ఆధారం లేదు. దయచేసి ప్రతి చోటా బిల్లు అడగండి. నూలనో లినెననో వాళ్ళు నోటితో చెప్పిన మాటను బిల్లు మీద రాసిమ్మనండి. నిజమైన సరుకు అమ్మేవారు రాసిస్తారు. పక్క వీధిలో ఒక ముసలావిడ నేను అడగకుండానే లావెండరు నూనె సీసా మీద పేరు చదివి వినిపించింది, అటువంటివారూ అక్కడ ఉన్నారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది మీకూ చెబుతాను. లావెండరు పేరుతో అమ్మేదంతా ఒకటే కాదు. అసలు లావెండరు ఎత్తైన కొండ నేలల్లో పెరుగుతుంది, సీసా మీద 'లావండులా అంగుస్టిఫోలియా' అని ఉంటుంది. లావాండిన్ అనేది సంకర జాతి, నూనె ఎక్కువగా ఇస్తుంది, చవక, వాసనలో కర్పూరపు ఘాటు ఉంటుంది. బీరువాలో పెట్టుకోవడానికి లావాండిన్ చాలు, కానీ అసలు లావెండరు ధర ఇవ్వకండి. మార్సే సబ్బు విషయంలోనూ ఇంతే. సంప్రదాయ పద్ధతిలో చేసినదానిలో వృక్ష సంబంధమైన నూనెలు 72 శాతం ఉంటాయి, ఆ సంఖ్యను సబ్బు మీదే అచ్చు వేస్తారు. దానిలో అత్తరు, రంగు కలపరు. గులాబీ రంగులో, స్ట్రాబెర్రీ వాసనతో ఉన్న సబ్బుకు ఆ పేరు పెట్టి ఉంటే మీరే అర్థం చేసుకోండి.

కార్డు యంత్రం దగ్గర పోయిన డబ్బు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది అందరికీ జరుగుతోంది. మన కార్డు పెట్టగానే యంత్రం యూరోల్లోనా, రూపాయల్లోనా అని అడుగుతుంది. రూపాయల్లో కనబడితే మనకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ మారకం ధర మన బ్యాంకుది కాదు, యంత్రం వెనక ఉన్న సంస్థది. నా 68 యూరోల మీద ఆ తేడాయే దాదాపు నాలుగు వందల రూపాయలు పడింది. పైగా విదేశంలో రూపాయల్లో చెల్లిస్తే కొన్ని బ్యాంకులు విడిగా రుసుము వేస్తాయి. ఎప్పుడూ యూరోలే నొక్కండి. ఎంచుకునే హక్కు కార్డు ఉన్నవారిది. నాకు జరిగినట్టు అంగడివారే యంత్రం తిప్పుకుని నొక్కేస్తే, రద్దు చేసి మళ్ళీ చేయమని అడగండి.

పన్ను వాపసు మీద ఆశతో నేను కొన్ని కొన్నాను, అదీ దక్కలేదు. ఐరోపా యూనియన్ బయట నివసించేవారికి ఫ్రాన్సులో ఆ సౌకర్యం ఉంది, కానీ ఒకే దుకాణంలో మూడు రోజుల లోపు కొన్న మొత్తం 100 యూరోలు దాటాలి. నా 68, 52 వేర్వేరు చోట్ల కాబట్టి కలపలేదు. మీరు పెద్ద మొత్తానికి కొంటే పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళి, పన్ను వాపసు పత్రం దుకాణంలోనే రాయించుకోండి. విమానాశ్రయంలో దాని మీది కోడ్‌ను యంత్రం దగ్గర చూపించి ఆమోదం పొందాలి, పెట్టె అప్పగించేముందే.

ఒక్క రోజు రైలెక్కి సరిహద్దు దాటి ఇటలీలోని వెంటిమిల్యా వెళ్ళేవారు చాలామంది. శుక్రవారం అక్కడ పెద్ద సంత. తోలు, జున్ను, బట్టలు చవకగా దొరుకుతాయి. నేల మీద దుప్పటి పరిచి పేరున్న కంపెనీల చేతి సంచులు పది, ఇరవై యూరోలకు అమ్మేవారు కూడా కనబడవచ్చు. నాతో వచ్చిన స్నేహితురాలు ఒకటి తీసుకోబోతే, పక్కనున్న ఇటాలియన్ పెద్దాయన వద్దని సైగ చేశాడు. ఆ దేశంలో నకిలీ సరుకు కొన్నవారికి కూడా జరిమానా ఉంది, అది 7,000 యూరోల వరకు వెళ్ళవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తనిఖీలు జరుగుతుంటాయి. ఫ్రెంచి కస్టమ్స్ చట్టం ప్రకారం నకిలీ సరుకు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆ దుప్పటి పరిచేవారు పొట్టకూటికి వచ్చిన బీదవారు, వారి మీద నాకు కోపం లేదు. కానీ ఇరవై యూరోల సంచికి సెలవంతా పోగొట్టుకోకండి.

ఫ్రెంచి ప్రభుత్వం వినియోగదారుల కోసం నడిపే సిగ్నల్‌కాన్సో అనే ఆన్‌లైన్ ఫిర్యాదు వేదిక ఉంది. బుటీక్ మీద బిల్లు, లేబుల్ ఫోటోలతో గత వారం ఫిర్యాదు పెట్టాను. టేబుల్ క్లాత్ అంగడి మీద పెట్టలేకపోయాను, దాని పేరు నాకు తెలియదు. బుటీక్ వాళ్ళు ఏం జవాబిస్తారో వచ్చిన రోజున ఇక్కడే రాస్తాను.