అరకు, చిక్కమగళూరు, కొడగు: ఫిల్టరుకు ఏ గింజ మేలు?

ఫిల్టరు కాఫీకి అరకు గింజలు మంచివా, చిక్కమగళూరువా, కొడగువా? పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. 2019లో ఈ మూడు చోట్ల పండే అరబికాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఊరి పేరే పెద్ద అక్షరాల్లో ఉంటోంది. కానీ ఊరికంటే ముందు చూడవలసింది జాతి, అంటే గింజ అరబికానా, రొబస్టానా అన్నది.

కొడగు అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది అరబికా అనుకోవద్దు. ఆ జిల్లాలో రొబస్టా తోటలే ఎక్కువ. చిక్కమగళూరులో రెండూ పండుతాయి. మన అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో దాదాపు అంతా అరబికాయే. అనుమానం ఉంటే నాలుగు గింజలు తెల్లటి పళ్ళెంలో పోసి చూడండి. కోలగా, నడుమ గాడి కాస్త మెలిక తిరిగి ఉంటే అరబికా. గుండ్రంగా, గాడి తిన్నగా ఉంటే రొబస్టా. పీబెర్రీకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. పండులో రెండింటికి బదులు ఒకే గింజ పెరుగుతుంది కాబట్టి ఏ జాతిదైనా అది గుండ్రంగానే ఉంటుంది.

రొబస్టాలో కెఫీన్ అరబికాకు ఇంచుమించు రెట్టింపు, చక్కెరలు తక్కువ. అందుకే డికాషన్ చిక్కగా, చేదుగా దిగి ఎన్ని పాలు పోసినా నిలబడుతుంది. అరబికా బలం దాని సువాసన, సన్నటి పులుపు, గుటక దిగాక నాలుక మీద మిగిలే తీపి.

ఇక అరబికాలో అరకా, చిక్కమగళూరా? ఇక్కడ అందరూ ఎత్తు గురించి మాట్లాడతారు. ఆ లెక్కన చిక్కమగళూరే గెలవాలి. బాబా బుడన్ గిరి వాలుల్లో వెయ్యి మీటర్లు దాటిన తోటలు ఎన్నో ఉన్నాయి. అరకు చుట్టుపక్కల తోటలు చాలావరకు 900 నుంచి 1,100 మీటర్ల మధ్యే ఉంటాయి. అయినా అరకు గింజ రుచిలో తీసిపోదు. నా దృష్టిలో కారణం రాత్రి చలి. కాఫీ గింజకు ఎత్తు వల్ల దక్కే మేలులో పెద్ద వాటా ఈ చల్లదనానిదే. రాత్రులు చల్లగా ఉంటే పండు నిదానంగా పండుతుంది. గింజ గట్టిపడడానికి, చక్కెరలూ పులుపునిచ్చే ఆమ్లాలూ చేరడానికి వ్యవధి దొరుకుతుంది. చిక్కమగళూరు భూమధ్యరేఖకు సుమారు 13 డిగ్రీల ఉత్తరాన ఉంటే అరకు 18 డిగ్రీలు దాటి ఉంది. ఆ అయిదు డిగ్రీల తేడా వల్ల, తక్కువ ఎత్తులోనే శీతకాలపు రాత్రులు బాగా చల్లబడతాయి. చింతపల్లి మండలంలోని లంబసింగి చలి మనకు తెలిసిందే. పళ్ళు ఎర్రబడి కోతకు వచ్చే నవంబరు నుంచి జనవరి వరకు ఆ చలి తోటల మీదే ఉంటుంది.

నాలుక మీద ఆ తేడా తెలుస్తుంది. పాలు లేకుండా తాగితే అరకు అరబికాలో నారింజను గుర్తుచేసే పులుపు ముందు తగిలి, వెనుక బెల్లపు తీపి వస్తుంది. చిక్కమగళూరుది మరింత నిండుగా, నెమ్మదిగా ఉంటుంది. పులుపు తక్కువ, చాక్లెట్ ఛాయ ఎక్కువ. రెండూ మంచివే. నాకు మొదటిదే ఇష్టం.

అరబికా అంతా ఒకటే రకం కాదు. చిక్కమగళూరు జిల్లాలోనే ఉన్న బాళెహొన్నూరు పరిశోధన కేంద్రం 1940లలో ఇచ్చిన ఎస్.795 రెండు ప్రాంతాల్లోనూ కనిపిస్తుంది. రుచికి పేరున్న కెంట్ రకాన్ని, ఆకు తుప్పు తెగులును తట్టుకునే ఎస్.288తో కలిపి దాన్ని తయారుచేశారు. కావేరి అనే పొట్టి రకం త్వరగా కాపుకు వచ్చి దిగుబడి బాగా ఇస్తుంది కానీ, కప్పులో ఎస్.795 అంత లోతు నాకు కనిపించలేదు. బంగినపల్లి మామిడి ఏ తోటలో కాసినా బంగినపల్లే, కానీ అన్ని తోటల పండూ ఒకే తీపి కాదు. కాఫీలో రకానికీ నేలకూ ఉన్న లెక్క కూడా అంతే. అందుకే ప్యాకెట్ మీద రకం పేరు కూడా ఉంటే ఆ అమ్మకందారు మీద నాకు గురి కుదురుతుంది.

పండును ఎలా ఆరబెట్టారన్నదీ చూడండి. గుజ్జు తీసి, కడిగి ఆరబెట్టినదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. పండును అలాగే ఎండబెడితే చెర్రీ. మన్యంలో చాలాకాలం పళ్ళను ఇంటి ముందు ఎండబెట్టి చెర్రీగానే వ్యాపారులకు అమ్మేశారు. ఎరుపు పండే కోసి, అదే రోజు గుజ్జు తీసే పద్ధతి గిరిజన రైతుల్లో పెరిగాకే అరకు గింజ తన అసలు రుచి చూపగలిగింది. ఒకటి రెండు ఎకరాల్లో, సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య చేత్తో ఏరిన పంట అది. నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనదగిందే.

పాలు లేకుండానో, కొద్దిపాటి పాలతోనో తాగేవారు అరకు పార్చ్‌మెంట్ అరబికాను, నడిమి రంగుకు వేయించినది, చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) లేకుండా తీసుకోండి. సగానికి సగం పాలు పోసి, నురగ వచ్చేలా తిరగబోసి తాగే ఇళ్ళలో మాత్రం అరకు ఒక్కటే వాడితే పలచగా అనిపిస్తుంది, ఆ పులుపు సొగసూ పాలలో కలిసిపోతుంది. అలాంటప్పుడు మూడు వంతులు చిక్కమగళూరు అరబికాకు ఒక వంతు కొడగు రొబస్టా కలపండి. రొబస్టా కూడా పార్చ్‌మెంటే అయి ఉండాలి. చెర్రీ అయితే మొరటు వాసన వేస్తుంది. చిక్కదనం కోసం 30, 40 శాతం చికోరీ కలిపిన పొడి కొనేకంటే ఇది ఎంతో నయం. చికోరీ అంత ఉంటే గింజ ఏ కొండదైనా తేడా తెలియదు.

వయనాడ్ రొబస్టా కొడగు రొబస్టాకు బదులుగా వాడుకోవచ్చు. పడమటి తీరంలో వానగాలికి ఉబ్బనిచ్చే మాన్సూన్డ్ మలబార్‌లో పులుపు దాదాపు ఉండదు. పులుపు బొత్తిగా గిట్టనివారికి అది సరిపోతుంది.